పసుపు పొట్లం చేసిన నిర్వాకం

బీషియా దుకాణంలో పొద్దున పూట అడుగుపెట్టిన ప్రతి మగవాడూ అందగాడే. "ఏం అందగాడా, గుడ్డట్టులో మొక్కజొన్న వెయ్యనా?" అని బట్టతల టు జిన్‌ఫా మొదలుకుని పళ్ళూడిన తపాలా తాత దాకా అందరినీ ఒకే గొంతుతో పలకరిస్తుంది. తైపేలో పొద్దుటి ఫలహారాలమ్మే ఏ ఆడమనిషైనా అలాగే పిలుస్తుంది, అందులో వింతేం లేదు. ఆ పిలుపుకి నోచుకోని మగవాడు ఆ సందు మొత్తానికి ఒక్కడే. ఆమె మొగుడు లాయ్ కున్‌యావ్. మామూలుగా ఆయన్ని "ఏమయ్యా" అంటుంది, ఒళ్ళు మండితే "మహానుభావా" అంటుంది. ఈ మధ్య మహానుభావా అనడమే ఎక్కువైంది.

గొడవంతా నిద్ర గురించి. బీషియా చీకటితో లేచి సోయా పాలు కాచాలి, ముల్లంగి ముక్కలు పెనం మీద ఎర్రగా కాల్చాలి, బడిపిల్లలనీ ఆఫీసు జనాన్నీ సాగనంపాలి. మధ్యాహ్నానికి దుకాణం కట్టేసేసరికి ఒళ్ళు పచ్చి పుండవుతుంది. పైన ఇల్లుంది, లేక కాదు. వీధివైపు పడగ్గది కింద స్కూటర్లు బాగుచేసే కొట్టుంది, అక్కడ పగలు కన్ను మూతపడదు. వెనకవైపు గది మాత్రం బంగారంలాంటి గది. కొండవైపు తెరుచుకునే పెద్ద కిటికీ, వేసవిలో కూడా గాలి. ఆ గదిలో కున్‌యావ్ తన కంప్యూటర్ పెట్టుకున్నాడు. కంప్యూటర్ అంటే బల్ల మీద బుద్ధిగా కూర్చునే పెట్టె కాదు. మూత లేదు, పక్క రేకుల్లేవు, పేగులన్నీ బయటపెట్టుకుని, చుట్టూ ఫ్యాన్లు పెట్టుకుని, పొయ్యి మీది దబరాలా వేడి కక్కుతూ ఉంటుంది. అందుకని పెళ్ళైన ఇన్నేళ్ళూ బీషియా దుకాణంలో బల్ల మీద చేతులు మడుచుకుని, వాటి మీద తల పెట్టుకుని నిద్రపోయింది. లేచేసరికి చెంప మీద గాజు గుర్తు, మెడ ఒక పక్కకి.

కున్‌యావ్ లిఫ్టులు బాగుచేసే మనిషి. పనిలో నెమ్మదస్తుడు. ఇంటికొచ్చాడంటే మాత్రం పూనకం. కంప్యూటర్లో బొమ్మలు గీసే కార్డుని తయారుచేసినవాళ్ళు పెట్టిన వేగాన్ని దాటించి దాన్ని పరిగెత్తించడం ఆయన పిచ్చి. అందులోనూ ఆ కార్డు బొమ్మల్ని దాచుకునే గ్రాఫిక్స్ మెమరీ అంటే మరీ పిచ్చి. తెర మీద ఒక జారుడు మీట ఉంటుంది. కుడివైపు జరిపితే మెమరీ వేగం పెరుగుతుంది. ఆ మీటని కుడివైపు లాగడమే తప్ప ఎడమవైపు జరపడం ఆయన చేతికి రాదు. ఆయన నేర్చుకున్న రోజుల్లో లెక్క తేలిగ్గా ఉండేది. మెమరీని మరీ తరిమితే తెర మీద రంగురంగుల చుక్కలు లేచేవి. చుక్కలొచ్చాయా, ఒక మెట్టు దిగు. రాలేదా, లాగు. అదే శాస్త్రం, అదే మంత్రం.

ఏటా వేసవిలో బాదే రోడ్డు దగ్గర కంప్యూటర్ వర్తకులంతా కలిసి ఒక పోటీ పెడతారు. ఇది పెద్ద కంపెనీల కుర్రాళ్ళ పోటీ కాదు, సందుల్లో సొంత సరదాకి చేసుకునే వాళ్ళది. ఒక పరీక్ష ప్రోగ్రాం ఉంటుంది. అది తెర మీద కొండలూ మంటలూ వానలూ చకచకా గీయిస్తుంది. ఎంత చురుగ్గా గీస్తే అన్ని పాయింట్లు. మనిషికి ఒక్కటే అవకాశం. కున్‌యావ్ కొత్త కార్డు కొన్నప్పట్నించీ ప్రతిసారీ రెండోవాడే. మొదటివాడు టు జిన్‌ఫా, పక్క సందులో తాళంచెవులు చేసేవాడు. ఓడి వచ్చిన ప్రతిసారీ కున్‌యావ్ ఒకటే చెబుతాడు. "నా మెమరీ వేగం వాడి దానికంటే ఎక్కువే. పాయింట్లే ఎందుకో పడిపోతున్నాయి. ఇదంతా ఆ గది వేడి వల్లే. గదికో ఏసీ పెడితే చూపిస్తాను."

ఈసారి పోటీకి ముందు ఆయన మళ్ళీ ఆ ఏసీ మాట ఎత్తగానే బీషియా ఒంటికాలి మీద లేచింది. ఆవేళ ఎండకి పెనం ముందే కళ్ళు తిరిగి కుర్చీలో కూలబడి ఉంది. చేతిలో అట్లకాడ అలాగే ఉంది.

"పెట్టెకి ఏసీ, పెళ్ళానికి బల్లా! బాగుంది మహానుభావా. ఇదిగో, ఇంతమంది ముందు చెబుతున్నాను. ఈ ఏడు నువ్వు మొదటివాడివి కాకపోతే ఆ గది నాది. మంచం వేసుకుని పడుకుంటాను."

"మొదటివాణ్ణయితే?"

"చచ్చేదాకా ఆ గది ఊసెత్తను. ఏసీ కూడా నేనే పెట్టిస్తాను."

అట్టు తింటున్న టు జిన్‌ఫా సంబరంగా చేయి పైకెత్తాడు. "నేను సాక్షిని! లాయ్ అన్నా, మాట మీద నిలబడతావా?"

"నిలబడతానా ఏంటి, ఎగిరి గంతేస్తాను," అన్నాడు కున్‌యావ్, లేని మీసం మెలేస్తూ.

బీషియా మనసులో మంచం అప్పుడే కొనేసింది. ఎలాగూ ఓడిపోయేవాడే కదా అని ధీమా. కానీ పోటీకి ఇంకా వారం ఉందనగా కున్‌యావ్ వెనకగదిలోంచి చొక్కా లేకుండా గెంతుకుంటూ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుని గిర్రున తిప్పాడు.

"ఎంత లాగానో తెలుసా? మీట అంచుదాకా పోయింది. ఒక్క చుక్క కూడా రాలేదే! ఒక్కటి కూడా! ఇంకా పాయింట్లంటావా, ఆ హాల్లో చల్లటి ఏసీ ఉంటుంది. అక్కడ చూడు తమాషా."

బీషియా గుండెల్లో రాయి పడింది. ఆమెకి మెమరీల గురించి తెలియదు గానీ మొగుడి మొహం గురించి బాగా తెలుసు. ఇంత వెలుగు ఆ మొహంలో పెళ్ళినాడు కూడా లేదు. ఈ మనిషి గెలిచేస్తాడని భయం పట్టుకుంది. రెండు రోజులు పెనం మీద అట్లు మాడ్చింది. మూడో రోజున ఆమెకి పొట్లం గుర్తొచ్చింది.

ఆ ఊళ్ళో యంత్రం ఉన్నచోటల్లా ఒక గ్వాయ్‌గ్వాయ్ పొట్లం ఉంటుంది. పిల్లలు తినే కొబ్బరి వాసన మొక్కజొన్న బొరుగులు, పేరుకి అర్థమే బుద్ధిగా ఉండమని. ఆకుపచ్చ పొట్లం యంత్రం మీద పెడితే యంత్రం అల్లరి చెయ్యకుండా మాట వింటుంది. ఆస్పత్రుల్లో పెడతారు, బ్యాంకుల్లో పెడతారు, రైళ్ళ గదుల్లో పెడతారు. పచ్చదే ఉండాలి. తారీఖు దాటకూడదు. విప్పకూడదు. తినడమైతే మహాపాపం. పసుపు పొట్లం పెడితే యంత్రం అలిగి కూర్చుంటుంది. కున్‌యావ్‌కి ఇందులో అనుమానాలేం లేవు. ఒకసారి ఒక కాపలావాడు ఆకలికి ఆగలేక లిఫ్టు గదిలో పొట్లం తినేస్తే, లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుందని, లోపలున్న పెళ్ళికొడుకు చెమటకి ముద్దయిపోయాడని ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఆ కథ చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గించేస్తాడు.

పోటీకోసం కున్‌యావ్ కొత్త పచ్చ పొట్లం కొన్నాడు. భూదేవుడి గుడికి తీసుకెళ్ళి అగరుపొగ మీద మూడు చుట్లు తిప్పి, ఎర్రగుడ్డ సంచిలో కట్టి, యంత్రాన్ని మోసుకెళ్ళే పెట్టెలో పైన పెట్టుకున్నాడు. పోటీ రోజు పొద్దున ఆయన స్నానానికి పోగానే బీషియా ఆ సంచి ముడి విప్పింది. పచ్చది తీసి చేతిసంచిలో వేసుకుని, మూలమీద కొట్లో కొన్న పసుపుది లోపల పెట్టి, ముడి ఎలా ఉందో అలాగే వేసేసింది. మధ్యలో రెండుసార్లు స్నానాల గది తలుపు వైపు చూసింది. అయినా కొండగాలి తలుచుకుని ధైర్యం తెచ్చుకుంది.

"నువ్వూ వస్తావా?" అన్నాడు కున్‌యావ్ తల తుడుచుకుంటూ, ఆశ్చర్యంగా.

"రాకుండా ఉంటానా? నా గది సంగతి కదా," అంది బీషియా. అది నిజమే కాబట్టి మొహం కూడా మార్చుకోనక్కర్లేకపోయింది.

హాలు నిండా జనం, ఏసీ చలి. ముందు వరసల్లో యంత్రాలు, ప్రతి యంత్రం మీదా ఒక పచ్చ పొట్లం దొరసానిలా కూర్చుని ఉంది. టు జిన్‌ఫా వంతు ముందు వచ్చింది. ఆయన పాయింట్లు బోర్డు మీద పడగానే చప్పట్లు మోగాయి. ఆయన బట్టతల తుడుచుకుని కున్‌యావ్ వైపు చెయ్యి ఊపాడు.

"రా అన్నా, నీ రెండో కుర్చీ దుమ్ము దులిపి ఉంచాను!"

"దులుపు, దులుపు. నువ్వే కూర్చుంటావు," అన్నాడు కున్‌యావ్.

తన పేరు పిలిచాక ఆయన పెట్టె దగ్గరికి వెళ్ళి, ఎర్ర సంచి భక్తిగా కళ్ళకద్దుకుని ముడి విప్పాడు. మూడో వరసలోంచి బీషియా చూస్తూనే ఉంది. ఆయన లోపలికి ఒకసారి తొంగిచూశాడు. మూసేశాడు. మళ్ళీ చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. కొట్లో తొందరలో తనే పొరపాటున పసుపుది అందుకున్నానని అనుకున్నాడు పాపం. పక్కవాడి పొట్లం అడగడానికి లేదు, అది వాడి యంత్రానికి మాట ఇచ్చిన పొట్లం. బయటికి పరిగెత్తి కొనుక్కొచ్చే వ్యవధీ లేదు. నలుగురూ చూస్తే పరువు పోతుంది. చటుక్కున పసుపు పొట్లాన్ని చొక్కా లోపలికి తోసేసి, తేలు కుట్టిన దొంగలా కుర్చీలో కూర్చున్నాడు.

"పొట్లం ఏదన్నా?" అని ఎవరో అడిగారు.

"నాకు దాంతో పన్లేదు," అన్నాడు. చొక్కాలో కరకరమంది.

తర్వాత ఆయన చెయ్యి మీట మీదికి పోయింది. అలవాటు చొప్పున కుడి అంచుదాకా లాగింది. అక్కడ ఆగింది. అలిగిన యంత్రాన్ని కొడితే ఏమవుతుందో లిఫ్టుల మనిషికి ఒకరు చెప్పాలా? ఆయన మీటని ఎడమవైపు ఒక మెట్టు జరిపాడు. ఇంకో మెట్టు. చొక్కా కరకరమన్నప్పుడల్లా ఉలిక్కిపడి ఇంకో మెట్టు. చూసేవాళ్ళు గుసగుసలాడుకున్నారు. లాయ్ కున్‌యావ్ మెమరీ తగ్గించడం ఆ బజారులో ఎవరూ చూసి ఎరగరు.

బీషియాకి సంగతి అర్థమైంది. బెదిరిపోయాడు. పని అయిపోయింది. గది నాదే. మంచం కిటికీకి ఇటు తల పెట్టి వెయ్యాలా అటు పెట్టి వెయ్యాలా అని ఆలోచిస్తూనే, ముందు కుర్చీలో ముడుచుకుపోయిన ఆ మెడ చూసింది. చూసినకొద్దీ మనసు పీకింది. ఇంత దిగాలుగా ఆ మనిషి ఎప్పుడూ కూర్చోలేదు. ఓడిపోవాలి నిజమే, మరీ ఇంత భయపడి ఓడిపోవాలా? తెర మీద కొండలు మొదలయ్యాయి, వాన మొదలైంది. బీషియా చేతిసంచిలో చెయ్యి పెట్టి ఏదో నోట్లో వేసుకుంది, ఇంకోటి వేసుకుంది. కళ్ళు తెర మీదే ఉన్నాయి. వాన ఆగి మంటలు లేచేసరికి చెయ్యి అడుక్కి తగిలింది.

కిందికి చూసింది. పచ్చ పొట్లం ఖాళీ.

పైప్రాణాలు పైనే పోయాయి. గుడిలో పొగ పట్టిన పొట్లాన్ని, యంత్రం పరిగెడుతుండగా కూర్చుని మెక్కేసింది! ఇక పాయింట్ల మాట దేవుడెరుగు, ఆ పెట్టె ఇప్పుడు భగ్గున అంటుకుని మొగుణ్ణి కాల్చేస్తుందని ఖాయం చేసుకుంది. వేళ్ళకంటిన కొబ్బరి పొడి పావడాకి తుడుచుకుంటూ, భూదేవుడా, తప్పయిపోయింది, గది వద్దు, ఏమీ వద్దు, ఆయన్ని బతికించు చాలని మొక్కేసింది.

మంటలు ఆగాయి. బోర్డు మీద అంకెలు పడ్డాయి. టు జిన్‌ఫా కంటే ఎక్కువ. కాస్తే, కానీ ఎక్కువ.

హాల్లో వినబడిన మొదటి కేక బీషియాదే. ఎప్పుడు ఎక్కిందో కుర్చీ ఎక్కేసింది. "మా ఆయన! మా ఆయన!" అని గొంతు చించుకుంటూ ఖాళీ పచ్చ పొట్లం ఊపేస్తోంది. పక్కావిడ పావడా పట్టుకు లాగి దింపాక గానీ గదిమాట గుర్తు రాలేదు. గుర్తొచ్చాక కుర్చీలో చతికిలబడి, ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది.

బహుమతి ఇస్తూ నిర్ణేత అమ్మాయి మైకులో చెప్పింది. "ఈ కొత్త రకం కార్డుల్లో మెమరీని మరీ తరిమితే వెనకటిలా చుక్కలు రావు. కార్డు తన తప్పు తనే పట్టుకుని, పాడైన ముక్కని మళ్ళీ తెప్పించుకుంటుంది. చూడ్డానికి వేగం ఎక్కువ, చేసిన పనే మళ్ళీ చేస్తూ ఉంటుంది కాబట్టి పాయింట్లు తక్కువ. ఎక్కడ ఆగాలో తెలియడమే అసలు విద్య. అది లాయ్ గారికి తెలుసు."

లాయ్ గారికి అప్పుడే తెలిసింది. అయినా తల్లి కడుపులోంచే నేర్చుకుని వచ్చినవాడిలా తల పంకించి, నాలుగు వైపులా వంగి దండాలు పెట్టాడు. వంగినప్పుడల్లా చొక్కా కరకరమంది.

మర్నాడు పొద్దున దుకాణం కిటకిటలాడింది. ఏనాడూ లేనిది కున్‌యావ్ పనికి సెలవు పెట్టి, గాజు బహుమతిని సోయా సాస్ సీసా పక్కన నిలబెట్టి, మధ్య బల్ల దగ్గర కొలువు తీరాడు. టు జిన్‌ఫా అట్టు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఆయన మొహంలోకి చూస్తున్నాడు.

"ఇంతకీ మెమరీ తగ్గించాలని ఎలా తట్టిందన్నా? నిన్నటిదాకా నువ్వు లాగడం తప్ప ఎరగవు కదా."

"అదేం ఒక్క రోజులో వచ్చేది కాదు తమ్ముడూ." కున్‌యావ్ టీ ఒక గుక్క తాగాడు. "కార్డుతో మనం మాట్లాడాలి. అది ఏం చెబుతోందో వినాలి. నిన్న కూర్చోగానే నాకు లోపలినించి ఒక మాట వినిపించింది. కున్‌యావ్, తొందరపడకు అని. అంతా నిగ్రహం."

పెనం దగ్గర బీషియా అట్టు తిరగేసింది. నిగ్రహమట. రాత్రంతా ఆమెకి నిద్ర లేదు, మెడ నొప్పి అలాగే ఉంది, పైగా ఏసీ పెట్టిస్తానని సాక్షుల ముందు మాటిచ్చి కూర్చుంది. అట్లకాడ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, తీయగా నవ్వింది.

"అందగాడా, ఊరికే అడిగితే ఏం చెబుతాడు? లోపలినించి మాట వినిపించినప్పుడు చొక్కాలో ఉన్న పొట్లం రంగేమిటో అడుగు."

కున్‌యావ్‌కి టీ పొలమారింది. దగ్గి దగ్గి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళలోంచే పెళ్ళాం వైపు చూశాడు. ఆమె కనుబొమ్మ ఎగరేసింది. ఆయనకి ఎర్ర సంచి గుర్తొచ్చింది, స్నానం గుర్తొచ్చింది, కుర్చీ మీద ఆమె ఊపిన పచ్చ పొట్లం గుర్తొచ్చింది. నువ్వా! అన్నట్టు నోరు తెరిచాడు. తెరిచిన నోరు మూసేశాడు. ఏమని అడుగుతాడు? ఇది నా పొట్లం మార్చేసిందని అంటే, మరి నిగ్రహం సంగతేమిటని టు జిన్‌ఫా అడుగుతాడు. భయంతో మీట తగ్గించానని ఈ సందులో చెప్పుకుని బతకగలడా?

"పొట్లమేంటి?" అన్నాడు టు జిన్‌ఫా.

"ఏం లేదు," అన్నారు మొగుడూ పెళ్ళాం ఒక్కసారే.

కున్‌యావ్ కాసేపు బహుమతిని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత గొంతు సవరించుకుని లేచి నిలబడ్డాడు.

"అందరూ వినండి. పందెం నేను గెలిచాను. గది నాది. కానీ గెలిచినవాడికి పెద్దమనసు ఉండాలి. ఆ గది నా భార్యకి ఇచ్చేస్తున్నాను."

దుకాణమంతా చప్పట్లు. టు జిన్‌ఫా లేచి ఆయన్ని కావలించుకున్నాడు. "నువ్వు మనిషివి కాదన్నా, దేవుడివి!" అన్నాడు. తపాలా తాత కళ్ళు ఒత్తుకున్నాడు.

"అవును, చాలా పెద్దమనసు," అంది బీషియా, పళ్ళు బిగించి.

ఆ మధ్యాహ్నం దుకాణం కట్టేశాక కున్‌యావూ టు జిన్‌ఫా కలిసి యంత్రాన్ని మోసుకొచ్చి హాల్లో చెప్పుల అర పక్కన పెట్టారు. వెనకగదిలో మంచం పడింది. టు జిన్‌ఫా వెళ్ళిపోయాక బీషియా కిటికీ తలుపులు తెరిచి పడుకుంది. కొండగాలి కాళ్ళకి తగిలింది. ఇన్నేళ్ళకి వీపు ఆనించి పగలు పడుకోవడం. ప్రాణం లేచి వచ్చినట్టుంది. కళ్ళు మూసుకోబోతుండగా గుమ్మంలో కున్‌యావ్ నిలబడ్డాడు.

"ఒక్క మాట చెప్పు. ఆ పచ్చదే ఉండుంటే నేను మీట చివరికంటా లాగేవాణ్ణి. అవునా?"

"లాగేవాడివే."

"అప్పుడు ఓడిపోయేవాణ్ణి."

"ఎప్పట్లాగే రెండోవాడివి."

"ఓడిపోతే గది ఎలాగూ నీకే వచ్చేది కదే. మరి ఎందుకే అంత కష్టపడి మార్చావ్?"

బీషియా కళ్ళు తెరిచింది. ఈ లెక్క ఆమెకి ఇంతదాకా తట్టనేలేదు. ఊరికే చేతులు ముడుచుకుని కూర్చున్నా గది వచ్చేది. దొంగతనం చేసి, బెదిరి, మొక్కి, బొరుగులు మెక్కి, చివరికి ఈయనగారి దానం కింద పుచ్చుకోవలసి వచ్చింది. తన బుర్రని తనే తిట్టుకుంది. కానీ ఆ మాట ఈ మనిషికి చెబితే ఇంకేమైనా ఉందా? బతికినన్నాళ్ళూ నవ్వుతాడు.

"ఎందుకేంటి? ఏటేటా రెండోవాడి పెళ్ళాం అనిపించుకోలేక," అని అటు తిరిగి పడుకుంది.

మళ్ళీ ఆమే తల తిప్పి చూసింది. కున్‌యావ్ గుమ్మం పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. అబద్ధాన్ని నిలువునా నమ్మేశాడు. లోపలికొచ్చి ఆమె కాళ్ళమీద దుప్పటి సరిచేసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు. వెళ్ళి కిందికి కేకేసి, కాసేపు చప్పుడు చెయ్యొద్దని స్కూటర్ల కొట్టువాణ్ణి బతిమాలుకున్నాడు.

బీషియా పైకప్పు కేసి చూస్తూ పడుకుంది. అబద్ధం బాగా అతికిందని నవ్వుకుంది. తర్వాత పోటీ హాల్లో కుర్చీ ఎక్కి తను పెట్టిన కేక గుర్తొచ్చింది. అప్పుడు గది గుర్తులేదు, మంచం గుర్తులేదు. మరి అంత అబద్ధమేనా అనుకుంది, తేల్చుకోకముందే నిద్రపట్టేసింది.